పాదం మోపిన చోటు: తెలుగు సాహిత్యంలో పవిత్ర పర్వతం

వ్యాససంగ్రహం

తెలుగు విమర్శ పర్వతాన్ని ఎక్కువగా వర్ణనాంశంగానే చూసింది. అష్టాదశ వర్ణనల్లో శైలవర్ణన ఒకటి కావడంతో కావ్యంలోని కొండ కవి కల్పనాశక్తికి గీటురాయిగా మిగిలిపోయింది. అయితే పవిత్ర పర్వతాలతో ముడిపడిన తెలుగు రచనల్లో అనుభవం కంటికంటే ముందు కాలికి కలుగుతుంది. మనుచరిత్ర, అన్నమాచార్య చరిత్రము, పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణం ఆధారంగా పాదానికీ పర్వతానికీ ఉన్న సంబంధాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆరోహణలోని శ్రమ ఎవరిదన్న ప్రశ్నను మన సాహిత్యం, విమర్శ ఎంతవరకు పట్టించుకున్నాయో చర్చిస్తుంది.

కీలక పదాలు: పర్వతం, ఆరోహణ, పాదం, ద్విపద, శ్రీశైలం, తిరుమల, అహోబిలం, మనుచరిత్ర, అన్నమాచార్య చరిత్రము, పండితారాధ్య చరిత్ర

ప్రవేశిక

నల్లమల నుంచి శేషాచలం వరకు సాగే కొండల వరుసను ఆదిశేషుని శరీరంగా చెప్పుకోవడం తెలుగు భక్తులకు తరతరాల అలవాటు. శ్రీశైలం తోక, అహోబిలం నడుము, తిరుమల పడగ, శ్రీకాళహస్తి నోరు. ఈ ఊహలో ఒక విశేషం ఉంది. ఏ ఒక్క శిఖరం మీద నిలబడి చూసినా ఈ కొండలన్నీ ఒకే ప్రాణిగా కనిపించవు. ఒక క్షేత్రం నుంచి మరో క్షేత్రానికి రోజుల తరబడి నడిచినవారికే ఆ పొడవు, ఆ వంపులు అనుభవంలోకి వస్తాయి. శేషుని శరీరమనే ఈ బొమ్మను కట్టింది యాత్రికుల నడకే అనుకోవడానికి అవకాశం ఉంది.

కావ్యశాస్త్రం కొండను మరో విధంగా చూసింది. దండి కావ్యాదర్శంలో మహాకావ్య లక్షణాలు చెబుతూ నగరం, సముద్రం, శైలం, ఋతువులు, చంద్రోదయం, సూర్యోదయం అంటూ వర్ణనీయాంశాలను వరుసగా పేర్కొన్నాడు. ఈ జాబితా తెలుగు ప్రబంధానికి తప్పనిసరి నియమంలా మారిన తర్వాత కొండ కావ్యంలో ఒక విధిగా చేరింది. విమర్శ కూడా ఆ జాబితా వెంటే నడిచింది. ప్రబంధాలమీద వచ్చిన పరిశోధనల్లో ‘ప్రకృతి వర్ణనలు’ అనే అధ్యాయం ఉంటుంది. అందులో కొండ పద్యాలు కొన్ని ఉదాహృతమవుతాయి, అలంకారాలు లెక్కకు వస్తాయి, అధ్యాయం ముగుస్తుంది. ఆ కొండ ఎవరికైనా దేవుడా, ఎవరికైనా ఇల్లా, దాన్ని ఎక్కినవారి ఒంటికి ఏమైంది అనే ప్రశ్నలకు ఆ అధ్యాయంలో చోటు ఉండదు. శైలవర్ణన అనే మాటలోనే చూసేవాడు కొండకు దూరంగా నిలబడి ఉన్నాడన్న భావన ఉంది.

భాష మాత్రం ఈ దూరాన్ని పాటించలేదు. సంస్కృతంలోనూ తెలుగులోనూ ‘పాదం’ అంటే కాలు, పద్యంలోని ఒక భాగం కూడా. పెద్ద పర్వతాన్ని ఆనుకుని ఉండే చిన్న కొండలను అమరకోశం పాదాలనే అంటుంది. కొండకూ కాళ్ళున్నాయన్నమాట. దీపం ఆరిపోయిందని అనకూడనప్పుడు తెలుగువారు దీపం కొండెక్కిందంటారు. వెలుగు పోయే చోటు కూడా కొండేనని, అది నడిచి ఎక్కే చోటని ఆ నుడికారంలో ధ్వనిస్తుంది. పాదాన్ని కేంద్రంగా పెట్టుకుని చదివితే, శైలవర్ణన కింద లెక్కకు వచ్చిన ఘట్టాలు కొన్ని వేరే అర్థం ఇస్తాయి. అందుకు మొదటి సాక్ష్యం ప్రబంధాల్లోనే ఉంది.

ప్రవరుని లేపం

శ్రీకృష్ణదేవరాయల ఆస్థానకవి అల్లసాని పెద్దన మనుచరిత్రలోని ద్వితీయాశ్వాసం తెలుగులో అతి ప్రసిద్ధమైన పర్వతఘట్టం. ప్రవరుడు అరుణాస్పదపురంలో నిత్యాగ్నిహోత్రి. తీర్థాలు చూడాలన్న కోరిక గాఢంగా ఉన్నా ఇల్లు కదలలేనివాడు. ఊరికి వచ్చిన ప్రతి యాత్రికుణ్ణీ ఏయే క్షేత్రాలు చూశారో అడిగి తెలుసుకుంటాడు. ఒక సిద్ధుడు అతని పాదాలకు లేపం పూస్తాడు. ఆ పసరు మహిమతో ప్రవరుడు హిమాలయానికి చేరతాడు. మధ్యాహ్నానికి ఇంటికి తిరిగి రావాలనుకుంటే, మంచునీటికి లేపం కరిగిపోయి ఉంటుంది. దారి వెతుక్కుంటూ వెళ్ళి వరూధినిని చూస్తాడు.

ఈ కథకు మూలం మార్కండేయ పురాణం. లేపం కరగడం అక్కడే ఉంది. పెద్దన దాన్ని ఉంచుకుని, చుట్టూ కొత్త సామగ్రి పేర్చాడు. ప్రవరుడు హిమాలయాన్ని తొలిసారి చూసే పద్యం తెలుగు చదువరులందరికీ నోటికి వచ్చినదే. ఆకాశాన్ని తాకే శిఖరాలు, వాటి మీదుగా దొర్లే సెలయేళ్ళు, అలల మృదంగధ్వని, పురివిప్పిన నెమళ్ళు, చెట్లను కుదిపే ఏనుగులు అందులో కనిపిస్తాయి. పద్యమంతా కంటికీ చెవికీ విందే. చలి లేదు, ఆయాసం లేదు, రాయి గుచ్చుకున్న కాలు లేదు. ఈ లోపాన్ని పెద్దన పట్ల ఎత్తిచూపవలసిన పని లేదు. ప్రవరుడు కొండ ఎక్కలేదు కనుక, ఎక్కినవాడికి తెలిసేవి ఆ పద్యంలో ఉండటానికి వీల్లేదు. వర్ణనలోని ఈ ఖాళీని పాత్ర స్థితికి తగినదిగానే గ్రహించాలి.

తర్వాతి మాట ఇంకా సూక్ష్మమైనది. ఈ కొండ మహిమను లెక్కపెట్టడం బ్రహ్మకైనా సాధ్యం కాదని ప్రవరుడు అనుకుంటాడు. వెంటనే, ఇక్కడి వింతల్లో మిగిలినవి రేపు చూసుకోవచ్చులే అని ఇంటికి మళ్ళాలనుకుంటాడు. మధ్యాహ్నమైందన్న సంగతి అతనికి తెలిసేదెట్లా? ఎండకు వేడెక్కిన సూర్యకాంతశిలల నుంచి కారే మంచు చేసే చప్పుడువల్ల. ఏ కరిగే మంచు అతనికి వేళ తెలిపిందో ఆ మంచే అతని పాదాల పసరును కడిగేసింది. ఒకే మంచు గడియారమూ అయింది, శిక్షా అయింది. ‘రేపు’ అన్నవాడికి కొండ ఇచ్చిన జవాబు ఇది. వరూధినిని దారి అడిగేటప్పుడు, కొవ్వెక్కి ఈ కొండమీదికి వచ్చానని ప్రవరుడే ఒప్పుకుంటాడు. అది వినయం కోసం అన్న మాటగా కొట్టివేయరాదు. శ్రమ లేకుండా పవిత్రస్థలాన్ని చూడాలనుకోవడమే అతను చేసిన పొరపాటని ఆ ఒక్క పదంలో పెద్దన చెప్పించాడు.

మనుచరిత్ర విమర్శ అధికభాగం ప్రవర–వరూధినుల సంవాదం చుట్టూ తిరిగింది. విశ్వనాథ సత్యనారాయణ ఈ కావ్యంమీద ప్రత్యేక గ్రంథమే రాశారు. ప్రవరుని నిష్ఠ గొప్పదా, వరూధిని ప్రేమ గొప్పదా అన్న వాదం తరతరాల తరగతి గదుల్లో నడుస్తూనే ఉంది. ఆ వాదంలో హిమాలయం రంగస్థలపు తెరలా వెనక వేలాడుతుంది. కథను కదిలించింది మాత్రం కొండే. తీర్థకాంక్షతో వచ్చిన ప్రవరుడికి హిమాలయంలో ఏ దేవుడూ ప్రత్యక్షం కాలేదు. చివరకు అతణ్ణి కాపాడింది ఇంట్లో తాను రోజూ సేవించే అగ్ని. పెద్దన దృష్టిలో గృహస్థుకు పవిత్రమైన చోటు అగ్నిగృహం. నడవకుండా చేరిన కొండ అతనికి వింతగానే మిగిలింది, తీర్థం కాలేకపోయింది. ప్రబంధం లోపలే ప్రబంధపు శైలవర్ణనను ప్రశ్నించే ఈ ఏర్పాటుకు తగిన గుర్తింపు ఇంకా రాలేదు.

అన్నమయ్య చెప్పులు

లేపం పూసిన పాదం పెద్దన కథలో దారి తప్పితే, చెప్పులు తొడిగిన పాదం మరో కథలో మార్గమధ్యంలో ఆగిపోతుంది. తాళ్ళపాక అన్నమాచార్యుల జీవితాన్ని ఆయన మనుమడు చిన్నన్న ద్విపదలో అన్నమాచార్య చరిత్రముగా రాశాడు. ఇల్లు విడిచిన పసివాడు యాత్రికుల గుంపుతో తిరుపతి చేరతాడు. అలిపిరి దాటి పెద్ద ఎక్కుడు ఎక్కుతాడు. మోకాళ్ళ ముడుపు దగ్గర ఆకలికీ అలసటకూ సొమ్మసిల్లి ఒక వెదురుపొద కింద పడుకుంటాడు. అలమేలుమంగ కలలో కనిపిస్తుంది. ఈ కొండంతా సాలగ్రామమయం, చెప్పులతో ఎక్కరాదు, అవి విడిచి చూడమంటుంది. బాలుడు చెప్పులు విడుస్తాడు. అప్పుడు కొండ తన నిజరూపంలో కనిపిస్తుంది. అమ్మవారు ప్రసాదం తినిపిస్తుంది. అతడు ఆమెమీద శతకం చెబుతాడు.

చరిత్రకారులకు ఈ కథలో నిలిచేది తక్కువ కావచ్చు. విమర్శకు కావలసినది మాత్రం ఇక్కడ పుష్కలంగా ఉంది. దర్శనం గర్భగుడిలో కాక దారిలో, ఎక్కడం అత్యంత కష్టమైన చోట జరిగింది. కంటికి కనిపించవలసిన కొండ, కాలి నుంచి తోలు తొలగితే తప్ప కనిపించలేదు. చూపును అడ్డగించిన తెర పాదానికి ఉంది. కవిత్వం పుట్టింది కూడా అక్కడే. పిల్లవాడు ఇంకా స్వామిని చూడలేదు. చూడకముందే కవి అయ్యాడు. చిన్నన్న తాతగారి కవిత్వానికి పుట్టిన చోటు వెతుకుతూ గుడిని వదిలి కొండ నడుమను ఎంచుకోవడం ఆలోచించదగిన విషయం. పదివేల శేషుల పడగలుగా కొండను చూపించే అన్నమయ్య ప్రసిద్ధ సంకీర్తనను ఈ కథ పక్కన పెడితే మరొకటి స్పష్టమవుతుంది. ఆ పాట వేలెత్తి చూపించే పాట. చూపించేవాడు కొండమీద లేడు, ఇంకా చేరవలసినవాడు. దారిలో ఉన్నవారి గుంపులో ఒకడు తక్కినవారికి చూపుతున్నట్లుగా పాట నడుస్తుంది. ఆ గొంతు యాత్రికుడిది, పూజారిది కాదు.

మోకాళ్ళ ముడుపు అనే పేరు కూడా దీనికి తోడుపడుతుంది. అక్కడ మెట్టు మోకాలెత్తు ఉంటుంది కనుక ఆ పేరు వచ్చిందంటారు. రామానుజాచార్యులు సాలగ్రామ పర్వతంమీద పాదం మోపడానికి వెనుకాడి మోకాళ్ళతో ఎక్కారని వైష్ణవ సంప్రదాయం చెబుతుంది. రెండు వివరణల్లోనూ స్థలానికి పేరు పెట్టింది శరీరమే. నేటికీ అలిపిరి దారిలో ప్రతి మెట్టుకూ పసుపు, కుంకుమ పెడుతూ ఎక్కే స్త్రీలు కనిపిస్తారు. ఆ దారిలో సుమారు 3,550 మెట్లున్నాయి. అన్ని మెట్లకూ వంగి లేచిన ఒంటికి కొండ తెలిసినట్లు ఏ పద్యానికీ తెలియదు. ఈ మాట కవిత్వాన్ని చిన్నబుచ్చడానికి అన్నది కాదు, చిన్నన్న వంటివారు ఆ సంగతి ఎరిగి రాశారని చెప్పడానికే.

అయితే చెప్పును అపవిత్రతకు సంకేతంగా మాత్రమే చదవడం తొందరపాటు. తిరుమల క్రింద అలిపిరిలో పాదాల మండపం ఉంది. భక్తులు అక్కడ స్వామివారి పాదరక్షలను నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణ చేస్తారు. స్వామి ప్రతిరాత్రి కొండ దిగి తిరుచానూరు వెళ్ళివస్తాడని, అందుకే ఆయన చెప్పులు అరిగిపోతాయని జనశ్రుతి. దేవుడు నడుస్తాడు, ఆయన నడకకు అరిగిన తోలు సాక్ష్యం. ఆ చెప్పులు కుట్టి సమర్పించే ఆచారం చర్మకారులదని చెబుతారు. మద్రాసు రాష్ట్రంలో 1947లో ఆలయప్రవేశ చట్టం వచ్చేవరకు ఆ చేతులకు గుడి తలుపులు చట్టబద్ధంగా తెరుచుకోలేదన్న సంగతిని ఈ జనశ్రుతి పక్కన పెట్టి చదవాలి. బాలుడి చెప్పులు విడిపించిన కొండమీద దేవుడి చెప్పులు నెత్తికెక్కాయి. వాటిని కుట్టినవాడు మాత్రం క్రిందే ఉన్నాడు. అన్నమయ్య కథను వినయానికి పాఠంగా బోధించే పాఠ్యగ్రంథాలు ఈ రెండో చెప్పుల జత గురించి మాట్లాడవు.

ఇదే కొండల వరుసలో శేషుని నోరుగా చెప్పే శ్రీకాళహస్తిలో మూడో పాదం ఉంది. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలోని తిన్నడు బోయవాడు. ఒక కన్ను పెరికి శివుడికి పెట్టాక, రెండో కన్ను పెరికేటప్పుడు చోటు తెలియడానికి లింగం కంటిమీద కాలు పెట్టాడన్నది కన్నప్ప కథా సంప్రదాయంలో అందరికీ తెలిసిన ఘట్టం. శంకరాచార్యులదిగా చెప్పే శివానందలహరిలోని ఒక శ్లోకం, దారిన తిరిగి అరిగిన చెప్పు పశుపతి అంగాన్ని తుడిచే కూర్చె అయిందని భక్తి శక్తిని కొనియాడుతుంది. వైష్ణవ కొండమీద చెప్పు విడవాలి, శైవ కొండమీద విడవనక్కరలేదని దీన్ని సులభసూత్రంగా చెప్పడం పొరపాటు. ఇక్కడ అడవిలో నిత్యం తిరిగేవాడి కాలికీ, ఊరి నుంచి వచ్చినవాడి కాలికీ తేడా ఉంది. తిన్నడికి కొండ యాత్రాస్థలం కాదు, రోజూ వేట సాగించే చోటు. అక్కడ అతని చెప్పు కొండకు పరాయిది కాదు.

పర్వత పదాలు, రాతి మెట్లు

‘పర్వతం’ అంటే తెలుగు శైవులకు ఒకప్పుడు వివరణ అక్కర్లేని మాట, శ్రీశైలమే. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రను దీక్ష, పురాతన, వాద, మహిమ, పర్వత ప్రకరణాలుగా విభజించి చివరిదానికి ఆ పేరే పెట్టాడు. వాదాలు, మహిమలు అన్నీ ముగిసి కథ చేరే చోటు కొండ. ఈ ప్రకరణంలో శివరాత్రి యాత్రికుల సందడిని సోమనాథుడు చిత్రించిన తీరుకు ప్రబంధాల్లో పోలిక దొరకదు. కొండను వర్ణించే బదులు కొండమీదికి వస్తున్న జనాన్ని వర్ణించాడు. వారు పాడే పాటలను పేరుపేరునా చెప్పాడు. తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, ఆనంద పదాలు, శంకర పదాలు, నివాళి పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు ఆ వరుసలో వస్తాయి. తెలుగు జానపద సాహిత్య చరిత్ర రాసినవారందరూ ఈ జాబితాను ఉదహరించారు. కానీ దాన్ని పాటల రకాల ఆధారంగానే వాడుకున్నారు. పర్వత పదాలు అనే పేరు కొండ ఎక్కుతూ పాడే పాటలకు వచ్చి ఉండవచ్చు, కొండను గురించిన పాటలకైనా వచ్చి ఉండవచ్చు. ఏ అర్థం తీసుకున్నా ఒక కొండ ఒక పాటల జాతికి పేరు పెట్టిందన్నది నిలుస్తుంది. కావ్యశాస్త్రపు శైలవర్ణనకు ఇది జనం ఇచ్చిన ప్రతివస్తువు.

ఛందస్సు సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. పండితారాధ్య చరిత్ర, అన్నమాచార్య చరిత్రము రెండూ ద్విపదలే. మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం ఉన్న పాదాలు రెండేసి చొప్పున ఆగకుండా సాగిపోతాయి. చంపూకావ్యంలోని వృత్తపద్యం నిలబడి చుట్టూ చూస్తుంది. ద్విపద మాత్రం నిలబడదు. రెండు పాదాలతో ముందుకు పోవడమే దాని స్వభావం. పర్వతాన్ని చూడటం కోసం పెద్దనకు దీర్ఘసమాసాల వృత్తం అక్కరకు వచ్చింది. పర్వతానికి నడవడం కోసం సోమనాథుడికి, చిన్నన్నకు ద్విపద సరిపోయింది. ద్విపదలన్నీ యాత్రాకావ్యాలు కావు, కనుక ఈ వాదాన్ని అంతకుమించి సాగదీయరాదు. కానీ ఆరోహణను ప్రధానంగా చెప్పిన రెండు ముఖ్య తెలుగు రచనలు ఒకే ఛందస్సును ఎంచుకోవడం యాదృచ్ఛికమని కొట్టివేయడానికీ లేదు. పామరులు సైతం పాడుకోవడానికి వీలుగా ఉండాలన్నది సోమనాథుడి కోరిక. కొండదారిలో పుస్తకం విప్పి చదవడం ఎవరికీ కుదరదు, నోటికి వచ్చినదే తోడు.

శ్రీశైలం శ్రమను ఎంత దూరం తీసుకుపోయిందో శాసనాలు చెబుతాయి. అనవేమారెడ్డి 1377 ప్రాంతంలో కట్టించిన వీరశిరోమండపపు శాసనం తలలు, నాలుకలు కోసి అర్పించిన కొంగవీరులను పేర్కొంటుంది. పాదంతో మొదలైన సమర్పణ ఇక్కడ శిరస్సుతో ముగిసింది. దీన్ని భక్తి పరాకాష్ఠ అని ప్రశంసించడం, మౌఢ్యమని తోసిపుచ్చడం రెండూ తేలికైన పనులే. పర్వతానుభవం శరీరం చెల్లించే మూల్యంతో కొలవబడినచోట ఆ కొలతకు హద్దు ఎవరు గీస్తారన్నది కష్టమైన ప్రశ్న. సోమనాథుడి రచనలోని వీరభక్తుల కథలను చదివేటప్పుడు ఆ మండపం గుర్తుండాలి.

రెడ్డిరాజులదే మరో పని ఇందుకు పూర్తిగా భిన్నమైనది. ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. ఆ సంగతి శాసనాల్లోనూ, ఆయన ఆస్థానంలోని ఎర్రన హరివంశంలోనూ కీర్తించబడింది. తర్వాతి కాలంలో విజయనగర రాణి విఠలాంబ పాతాళగంగకు మెట్లు కట్టించింది. మెట్టు శ్రమను తొలగించదు, పంచుతుంది. బలం లేనివాడు కూడా ఆగి ఆగి ఎక్కగలుగుతాడు. సిద్ధుడి లేపం ఒక్క ప్రవరుడికే పనిచేసింది, అదీ ఒక్క పూట. వేమారెడ్డి మెట్టు శతాబ్దాలపాటు వచ్చినవారందరికీ పనిచేసింది. రాజులు చేయించిన ధర్మకార్యాల్లో చెరువులు, సత్రాల పక్కన కొండమెట్లను చరిత్రకారులు లెక్కవేశారు కానీ, సాహిత్య విమర్శ వాటిని పర్వతానుభవ చరిత్రలో భాగంగా చూడలేదు.

శ్రీశైల శిఖర దర్శనంతోనే పునర్జన్మ ఉండదన్న ప్రసిద్ధ విశ్వాసం ఈ వాదానికి అడ్డు వచ్చేట్లు కనిపిస్తుంది. అక్కడ చూపే చాలు కదా. దోర్నాల వైపు నుంచి వచ్చే దారిలో శ్రీశైలానికి కొద్ది కిలోమీటర్ల ఇవతల ఉన్న శిఖరేశ్వరంలో నువ్వులు పోసి, నంది కొమ్ముల మధ్యనుంచి ఆలయ శిఖరాన్ని చూస్తారు. ఇది పూర్తిగా కంటి అనుభవమే. అయితే ఆ చూపు ఎవరికి దక్కేదన్నది అడగాలి. నల్లమల గుండా కాలినడకన వచ్చినవాడికి, కొండ తుదకు చేరాక, ఇంకా కొంత దూరం ఉండగా కనిపించిన శిఖరం అది. గమ్యం చేరలేకపోయినా ఫలం దక్కుతుందన్న ఊరట ఆ విశ్వాసంలో ఉంది. అడవిదారిలో పడిపోయే ప్రమాదం నిజంగా ఉన్న రోజుల్లో ఆ ఊరటకు బరువుంది. ఘాట్ రోడ్డుమీద వాహనం ఆపి చూసే నేటి యాత్రికుడికి విశ్వాసం అట్లాగే అందింది, అది పుట్టిన పరిస్థితి అందలేదు. తిరుమలలో మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది. అప్పటి నుంచి ఎక్కడం అవసరం కాక ఎంపిక అయింది. మొక్కుగా నడిచేవారి సంఖ్య మాత్రం తగ్గలేదు. ఉగాదికి కర్ణాటక నుంచి శ్రీశైలానికి వచ్చే భక్తులు వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను, కైలాసద్వారం మీదుగా నేటికీ అడవిదారినే నడుస్తున్నారు. కొందరు మరగాళ్ళు కట్టుకుని నడుస్తారు. ఆడపడుచైన భ్రమరాంబకు పసుపు కుంకుమలు, చీర తెచ్చే పుట్టింటివారు వారు. పుట్టింటివారు బస్సు దిగి రావడంకంటే నడిచి రావడం ఆ బంధుత్వానికి తగినదని వారు అనుకుంటున్నట్లుంది.

మోసినవారు, అక్కడే ఉన్నవారు

అదే దారిలో శ్రీశైలం వెళ్ళిన ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ. 1830–31లో చేసిన యాత్రను కాశీయాత్ర చరిత్రగా రాశాడు. అది 1838లో అచ్చయింది. తెలుగు వచనంలో పర్వతం మొదటిసారి దూరాలు, బసలు, నీటివసతి, సుంకాల భాషలో కనిపించింది. శ్రీశైల యాత్రికుల దగ్గర కందనూరు నవాబు తరఫున వసూలయ్యే సుంకాన్ని ఆయన నమోదు చేశాడు. మోక్షానికి దారి ఇచ్చే కొండకు రశీదు కూడా ఉందన్న సంగతి ఏ ప్రబంధమూ చెప్పలేదు. వీరాస్వామయ్య ప్రయాణం సవారీలో సాగింది. మోసింది బోయీలు. ఆయన వారిని మరచినవాడు కాడు, దారి ఎంత కష్టమో చెప్పేటప్పుడు వారి సంగతి వస్తుంది. కానీ యాత్రాఫలం లెక్కలో వారు రారు. యజమానిని మోస్తూ కొండ ఎక్కినవాడు కూడా కొండ ఎక్కినవాడే. అతనికి కలిగినది ఏమిటో చెప్పే తెలుగు రచన ఆ కాలంలో లేదు. పర్వతానుభవం శ్రమతో సిద్ధిస్తుందన్న సూత్రాన్ని నిజాయితీగా అన్వయిస్తే మొదటి ఫలం బోయీకి దక్కాలి. ఈ విషయంలో సంప్రదాయం తన సూత్రానికి తానే కట్టుబడలేదు.

అసలు ఎక్కనక్కరలేనివారు మరికొందరు ఉన్నారు. నల్లమల చెంచులకు శ్రీశైలం, అహోబిలం పుట్టి పెరిగిన చోట్లు. యాత్రికుడికి కొండ గమ్యమైతే చెంచుకు వాకిలి. అందుకే వారి కథల్లో ఆరోహణ లేదు, బంధుత్వం ఉంది. మల్లికార్జునుడు చెంచుల ఆడపడుచును పెండ్లాడిన చెంచు మల్లయ్య, వారికి అల్లుడు. అహోబిలంలో నరసింహస్వామి చెంచులక్ష్మిని వరించాడు. పై నుంచి వచ్చిన శాస్త్రం ఈ కథలను గిరిజనుల ఆలయీకరణగా, స్థలపురాణం వారిని కలుపుకున్న తీరుగా వివరిస్తుంది. అందులో నిజం లేకపోలేదు. కానీ కథను చెంచు వైపు నుంచి చదివితే కలుపుకున్నది ఎవరన్నది అంత స్పష్టంగా ఉండదు. అల్లుడు అత్తవారి ఊరికి వచ్చినవాడు. ఇంటివారు వారే.

అహోబిలం పార్వేట ఉత్సవంలో ఈ తర్కం పూర్తిగా తలకిందులవుతుంది. కనుమనాడు స్వామి పల్లకీలో కొండ విడిచి బయలుదేరి, నలభై రోజులకు పైగా చుట్టుపక్కల ముప్పైకి పైగా ఊళ్ళు తిరుగుతాడు. చెంచులక్ష్మితో తన పెండ్లికి బంధువులను స్వయంగా పిలవడానికి వెళ్తున్నాడని ఊరివారు చెప్పుకుంటారు. ఏడాదంతా జనం కొండకు ఎక్కితే, ఈ నలభై రోజులు కొండమీది దేవుడు జనం దగ్గరికి దిగుతాడు. ఇక్కడ కాళ్ళు బోయీలవి, దేవుడివి కావు.  పార్వేటమీద పాటలు, ఊరూరి ఆచారాలు, మోసేవారి మాటలు విస్తారంగా ఉన్నాయి. వాటిని సేకరించడానికి వెళ్ళే పరిశోధకుడు ప్రశ్నావళిలో దేవుడి అలంకారాల తర్వాతి పేజీకి వదిలేయకుండా మొదటి పేజీలోనే పెట్టవలసిన ప్రశ్న ఒకటుంది: పల్లకీ బరువు ఎంత, ఒక్కొక్కరు ఎంత దూరం మోశారు, దించిన తర్వాత వారు ఎక్కడ కూర్చున్నారు.